పాటను కాగితముపై నిలిపిన సేవకుడు – థామస్ ఆండ్రూ డార్సీ



ఆదివారము ఆరాధనకు ముందు మన గాయక బృందములోని పిల్లలు పాట కాగితములు సరిచూసుకొనుట మనమందరము చూస్తూనే ఉంటాము. పాట మాటల పైన పెన్సిలుతో సి, ఎఫ్, జి అని ఇంగ్లీషు అక్షరములు వ్రాసి ఉంటాయి. గిటారు వాయించే అబ్బాయికి, కీబోర్డు వాయించే అమ్మాయికి అవే దారి చూపే గుర్తులు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ప్రతి కీర్తన పైన రాగము, తాళము పేర్లు అచ్చువేసి ఉంటాయి కదా! అలాగే వీరు కార్డుల పేర్లు వ్రాసుకుంటారు. కార్డు అంటే మూడు నాలుగు స్వరములను ఒక్కసారిగా మ్రోగించుట. ఇది చిన్న పనిలా కనబడుతుంది. అయితే ఒక పాట నోటినుండి కాగితము మీదికి, కాగితము మీదినుండి మరియొక ఊరి సంఘమునకు చేరవలెనంటే ఎవరో ఒకరు శ్రద్ధగా ఈ పని చేయక తప్పదు.

అమెరికా దేశములో ఈ పనిని జీవనోపాధిగా నేర్చుకొని, తరువాత దానినే దేవుని సేవగా మార్చుకొన్న ఒక బాప్టిస్టు సంగీతకారుని జీవితమును ఈ సంచికలో జ్ఞాపకము చేసుకొందాము. ఆయన పేరు థామస్ ఆండ్రూ డార్సీ. అదే కాలములో టామీ డార్సీ అనే పేరుగల తెల్లజాతి వాద్యబృంద నాయకుడు ఒకరు ఉండేవారు. ఆయన వేరు, ఈయన వేరు. మన డార్సీ గారు నల్లజాతివారు, బాప్టిస్టు బోధకుని కుమారుడు, లోకమంతట పాడుకొనే గాస్పెల్ సంగీతమునకు తండ్రి అని పేరు పొందినవారు.

బాల్యము

డార్సీ గారు 1899 జూలై 1వ తేదీన జార్జియా రాష్ట్రములోని విల్లా రికా అనే చిన్న ఊరిలో జన్మించారు. తండ్రి ఊరూరా తిరిగి వాక్యము బోధించేవారు, బడిపిల్లలకు చదువు చెప్పేవారు, పొలము కౌలుకు చేసేవారు. మూడు పనులు చేసినా ఇల్లు గడుచుట కష్టముగానే ఉండేది. తల్లి కాళ్ళతో తొక్కి వాయించే ఆర్గన్ మీద ఆరాధన పాటలు వాయించేవారు. కుమారునికి సంగీతము మొదట తెలిసింది ఆ తల్లి ప్రక్కనే.

1908లో కుటుంబము అట్లాంటా పట్టణమునకు వలస వెళ్ళింది. పల్లెలో బోధకుని కుటుంబమని గౌరవము ఉండేది. పట్టణములో ఆ గౌరవము లేదు, పొలము లేదు. వలస వెళ్ళిన కుటుంబములకు ఈ బాధ ఎటువంటిదో మన పాఠకులకు వేరుగా చెప్పనవసరము లేదు. బాలుడు త్వరలోనే బడి మానివేసి, డెకేటర్ వీధిలోని 81 థియేటర్ అనే నాటకశాలలో సోడాలు అమ్మే పనిలో చేరాడు. అక్కడ పియానో వాయించేవారి వ్రేళ్ళు ఎటు కదులుతున్నవో చూచి, ఇంటికి వచ్చి అదే విధముగా వాయించుట నేర్చుకొన్నాడు. యౌవనమునకు రాకముందే రాత్రివేళ ఇళ్ళలో జరిగే విందులలో, నాట్యములలో పియానో వాయించి డబ్బు సంపాదించేవాడు.

అయితే అతనికి ఒక సంగతి త్వరలోనే అర్థమైంది. చెవితో విని వాయించేవాడు ఆ రాత్రికి మాత్రమే పనికివస్తాడు. స్వరములు చదువుట, వ్రాయుట తెలిసినవానికే నిలకడైన పని దొరుకుతుంది. కనుక పాఠములు చెప్పించుకొని స్వరలిపి నేర్చుకొన్నాడు. 1916లో అట్లాంటా విడిచి ఉత్తరమునకు బయలుదేరి, కొంతకాలము తరువాత చికాగో నగరములో స్థిరపడ్డాడు. ఆ సంవత్సరములలో దక్షిణ రాష్ట్రములనుండి లక్షలాది నల్లజాతి కుటుంబములు పనుల కొరకు ఉత్తర నగరములకు తరలిపోతున్నాయి. చికాగోలో ఆయన సంగీత రచన నేర్పే పాఠశాలలో కూడా చేరి చదువుకొన్నారు. 1920లో తన మొదటి పాటకు హక్కులు నమోదు చేయించుకొన్నారు.

విన్నది వ్రాయుట

1921లో నేషనల్ బాప్టిస్టు కన్వెన్షన్ మహాసభలు చికాగోలో జరిగాయి. అక్కడ డబ్ల్యూ. ఎం. నిక్స్ అనే గాయకుడు ఒక పాటను స్వరము సాగదీసి, మధ్యలో మలుపులు చేర్చి పాడగా డార్సీ గారి హృదయము కదిలింది. దేవుని పాటలే వ్రాయవలెనని తీర్మానించుకొని, ఒక బాప్టిస్టు సంఘములో సంగీత నాయకత్వము వహించారు. కాని ఆ తీర్మానము ఎంతోకాలము నిలువలేదు. వారానికి 40 డాలర్ల జీతముతో ఒక వాద్యబృందములో పని దొరకగానే ఆయన అటు వెళ్ళిపోయారు. 1923లో జాజ్ సంగీతములో ప్రసిద్ధుడైన కింగ్ ఆలివర్ తన బృందముతో డార్సీ గారి పాటను రికార్డు చేశాడు. 1924లో ప్రఖ్యాత బ్లూస్ గాయని మా రెయినీకి ఐదుగురు వాద్యకారుల జాజ్ బృందమును సమకూర్చి, దానికి నాయకుడై ఊరూరా తిరిగారు. 1925లో నెట్టీ హార్పర్ అనే యువతిని వివాహము చేసుకొన్నారు.

ఈ కాలములోనే ఆయన చేసిన మరియొక పని మనము గమనింపదగినది. ఆ రోజులలో అమెరికాలో ఒక పాట మీద హక్కు కావలెనంటే రికార్డు పళ్ళెమును పంపితే సరిపోయేది కాదు. పాటను స్వరలిపిలో వ్రాసి ప్రభుత్వ కార్యాలయమునకు పంపవలసి ఉండేది. బ్లూస్ పాడేవారిలో అనేకులకు స్వరలిపి తెలియదు. కనుక వారు పాడినది విని, రాగమును ఒక వరుసలో, మాటలను దాని క్రింద వ్రాసిపెట్టే మనిషి కావలసి వచ్చేది. చికాగోలో ఒక సంగీత ప్రచురణ సంస్థకు డార్సీ గారు ఆ పని చేసిపెట్టారు. నోటిపాటకు కాగితము మీద ఉనికి కల్పించుట ఆయన ఉద్యోగము అయ్యింది.

ఈ పనిలో ఉన్న కష్టము ఏమిటంటే, బ్లూస్ పాటలో స్వరము ఉన్నచోట నిలువదు. మూడవ స్వరము, ఏడవ స్వరము కొంచెము క్రిందికి జారుతాయి. పాడేవారు సాగదీస్తారు, ఆగుతారు, అరుస్తారు. మన కీర్తనలలో గమకము ఎలాగో అది అలాంటిది. గీతల మీద చుక్కలు పెట్టి దానినంతటినీ పట్టుకొనుట సాధ్యము కాదు. పట్టుకోవాలని ప్రయత్నిస్తే ఆ కాగితము ఎవరికీ చదువ శక్యము కాదు. కనుక ఏది వ్రాయవలెను, ఏది పాడేవారికి విడిచిపెట్టవలెను అనేది వ్రాసేవాని తెలివి మీద ఆధారపడి ఉంటుంది.

గుర్తుల సంగతి

జాజ్ వాద్యకారులు తరువాతి దశాబ్దములలో ఇదే సూత్రము మీద ఒక సులువైన పద్ధతిని స్థిరపరచుకొన్నారు. పాట రాగమును ఒక్క వరుసలో వ్రాసి, దాని పైన కార్డుల పేర్లు మాత్రము వ్రాస్తారు. 1920ల నాటికే అమెరికాలో అచ్చైన పాట కాగితములపై యుకులేలే అనే చిన్న తంతివాద్యము వాయించేవారి కొరకు వ్రేళ్ళు ఎక్కడ పెట్టవలెనో చూపే బొమ్మలు వేసేవారు. తరువాత అక్షరములు వాడుకలోకి వచ్చాయి. పియానో వాయించేవాడు ఆ అక్షరము చూచి, ఏ స్వరము పైన, ఏ స్వరము క్రింద వాయించవలెనో తానే నిర్ణయించుకొంటాడు.

మన పిల్లలకు కూడా పనికివస్తుంది గనుక కొంచెము వివరముగా చెప్పుకొందాము. సి అని అక్షరము ఒక్కటే వ్రాస్తే అది మేజర్ కార్డు, అనగా సి, ఇ, జి స్వరములు. ప్రక్కన చిన్న ఎమ్ వ్రాస్తే మైనర్ కార్డు. అప్పుడు ఇ స్వరము అర మెట్టు క్రిందికి దిగుతుంది. సి ప్రక్కన 7 అంకె వేస్తే సి, ఇ, జి లతో పాటు అర మెట్టు దిగిన బి స్వరము చేరుతుంది. సి మేజర్ 7 అయితే దిగని బి స్వరము చేరుతుంది. తొందరలో చిన్న ఎమ్‌ను పెద్ద ఎమ్ లాగా వ్రాసినా, మేజర్ అనే మాట విడిచిపెట్టినా, కీబోర్డు ఒకటి వాయిస్తుంది, గిటారు మరియొకటి వాయిస్తుంది. ప్రక్కప్రక్కనే ఉన్న రెండు స్వరములు ఢీకొని పాట చెడిపోతుంది. తప్పు వాయించినవారిది కాదు, వ్రాసినవారిది. అక్షరమును కూడా కార్డు మారే మాట మీద సరిగ్గా నిలుపవలెను. ఒక మాట ముందుకో వెనుకకో జరిగితే పాడేవారు తడబడతారు.

బ్లూస్ పాటకు సాధారణముగా మూడు కార్డులు చాలును. సి శ్రుతిలో అయితే పన్నెండు తాళపు గదులలో మొదటి నాలుగు సి, తరువాత రెండు ఎఫ్, మరల రెండు సి, తరువాత రెండు జి, చివర రెండు సి. ఈ చట్రము తెలిసినవారందరు ముందుగా అభ్యాసము చేయకపోయినా కలిసి వాయించగలరు. డార్సీ గారు గాస్పెల్ పాటలు ప్రకటించినప్పుడు వాటిని కార్డు అక్షరములతో కాక పియానో స్వరములతోనే అచ్చువేశారు. అయితే ఆ వ్రాతలో ఉన్న పద్ధతి ఇదే. కాగితము మీద సులువైన చట్రము ఉంటుంది. ఆయన స్వయముగా వాయించినప్పుడు చేర్చే అలంకారములు అందులో ఉండవు. పల్లె సంఘములో కొద్దిగా మాత్రమే స్వరము చదువగల అమ్మాయి కూడా దానిని వాయించగలదు. ఆత్మ నడిపించిన కొలది పాడేవారు దానిని పెంచుకొంటారు.

చీకటి దినములు

1926లో డార్సీ గారికి తీవ్రమైన మానసిక కృంగుదల కలిగింది. వ్రేళ్ళు పియానో మీద ఆడలేదు. రెండు సంవత్సరములపాటు సరిగా పని చేయలేకపోయారు. ప్రాణము తీసుకోవలెననే తలంపు కూడా వచ్చింది. భార్య నెట్టీ గారు ఆయనను విడువక ఆదరించారు. 1928లో బంధువు ఒకరు ఆయనను ఒక ఆరాధనకు తీసుకొనిపోగా, అక్కడ ఒక బిషప్పు గారు ఆయన కొరకు ప్రార్థించారు. ఆ దినము మొదలుకొని స్వస్థత కలిగిందని డార్సీ గారు జీవితాంతము సాక్ష్యమిచ్చారు. పొరుగున ఉన్న యువకుడు ఒకరు అకస్మాత్తుగా మరణించగా, ఆ దుఃఖములో ఇఫ్ యు సీ మై సేవియర్ అనే పాట వ్రాశారు.

ఇక్కడ దాచకుండా చెప్పవలసిన సంగతి ఒకటి ఉన్నది. స్వస్థత పొందిన అదే సంవత్సరములో ఆయన టాంపా రెడ్ అనే గిటారు వాద్యకారునితో కలిసి అసభ్యార్థము గల ఒక లోకపు పాటను రికార్డు చేశారు. అది విపరీతముగా అమ్ముడుపోయింది. కొంతకాలము ఆయన ఒక చేత్తో దేవుని పాట, మరియొక చేత్తో ఆ పాట వ్రాస్తూ వచ్చారు. సంఘములు ఆయనను అనుమానించుటకు ఇదియొక కారణము.

కారణము మరియొకటి కూడా ఉన్నది. చికాగోలోని పెద్ద నల్లజాతి సంఘములు ఆ కాలములో ఐరోపా పద్ధతి సంగీతమును గౌరవచిహ్నముగా భావించేవి. దక్షిణాదినుండి వలస వచ్చినవారి చప్పట్లు, కేకలు, ఊగిసలాట వారికి నామోషీగా తోచేవి. డార్సీ గారు తన పాటను అచ్చువేసి సంఘములకు వందల ప్రతులు తపాలాలో పంపారు. చాలకాలము ఒక్క జవాబు కూడా రాలేదు. కాగితము చూచినవారికి ఆ పాట ఎలా పాడవలెనో తెలియలేదు. చట్రము అందింది కాని ప్రాణము అందలేదు. వ్రాత ఎంత స్పష్టముగా ఉన్నా, దానిని ఒక్కసారి పాడి వినిపించేవారు కావలెనని ఆయన అప్పుడు గ్రహించారు.

1930లో నేషనల్ బాప్టిస్టు కన్వెన్షన్ మరల చికాగోలో కూడినప్పుడు విల్లీ మే ఫోర్డ్ స్మిత్ అనే సహోదరి ఆ పాటను పాడారు. ప్రజలు మరల మరల పాడించుకొన్నారు. ఆ సభలలో 4,000 ప్రతులు అమ్ముడుపోయాయి. తరువాత ఎబెనెజర్ బాప్టిస్టు సంఘ కాపరి, దక్షిణాది పాటలు తన సంఘములో వినబడవలెనని కోరి, డార్సీ గారిని, ఆయన స్నేహితుడు థియోడోర్ ఫ్రై గారిని పిలిచి గాస్పెల్ గాయక బృందమును ఏర్పరచారు. 1932లో పిల్‌గ్రిమ్ బాప్టిస్టు సంఘము ఆయనను పిలిచింది. ఆ సంఘములో ఆయన సుమారు 50 సంవత్సరములు సంగీత సేవ చేశారు.

1932 ఆగస్టు

ఆ ఆగస్టులో నెట్టీ గారు నిండు గర్భవతి. డార్సీ గారికి సెయింట్ లూయిస్ నగరములో కూటముల పని ఉన్నది. భార్యను విడిచి వెళ్ళుటకు మనస్సు ఒప్పలేదు గాని వెళ్ళారు. అక్కడ సభలో ఉండగా తంతి వచ్చింది. భార్య ప్రసవములో మరణించారు. ఆయన ఇల్లు చేరేసరికి మగబిడ్డ బ్రదికి ఉన్నాడు. కొద్ది గంటలలోనే ఆ బిడ్డ కూడా మరణించాడు. తల్లిని, బిడ్డను ఒక్క పెట్టెలోనే సమాధి చేశారు.

ఆయన దేవుని మీద అలిగారు. ఇక దేవుని పాటలు వ్రాయనని, తనకు తెలిసిన జాజ్ లోకమునకే తిరిగిపోతానని అనుకొన్నారు. కొన్ని దినముల తరువాత ఫ్రై గారు ఆయనను పియానో ఉన్న ఒక గదికి తీసుకొనివెళ్ళారు. డార్సీ గారి వ్రేళ్ళు ఒక పాత కీర్తన రాగము మీదికి వెళ్ళాయి. అది 1844లో జార్జ్ అలెన్ కూర్చిన మెయిట్‌లాండ్ అనే రాగము. దానిని నెమ్మది చేసి, బ్లూస్ మలుపులు చేర్చి, తన దుఃఖమును మాటలుగా పలికారు. ప్రభువును సంబోధించే మాట ఒకటి మొదట వేరుగా ఉండేది. ఫ్రై గారు అంతకంటె ఆప్యాయమైన మాట సూచించగా డార్సీ గారు మార్చారు. టేక్ మై హ్యాండ్, ప్రెషస్ లార్డ్ అనే పాట ఈ విధముగా పుట్టింది. ఎబెనెజర్ సంఘములో ఫ్రై గారు పాడగా, డార్సీ గారు పియానో వాయించగా, సంఘమంతా కన్నీటితో లేచింది.

ఆ పాట కాగితము చూస్తే కష్టమైన స్వరములు ఏమియు లేవు. కొద్దిపాటి కార్డులు, ప్రతి సంఘమునకు తెలిసిన రాగము. భార్యను, బిడ్డను పోగొట్టుకొన్న మనిషి తన విద్యనంతా ప్రదర్శింపక, ఇతరులు కూడా పాడుకోగలిగినంత మాత్రమే వ్రాశాడు. అందుకే అది డెబ్బది మైళ్ళ దూరపు పల్లెకైనా, సముద్రము దాటిన దేశమునకైనా వెళ్ళగలిగింది.

పది సెంట్ల కాగితములు

1932లోనే డార్సీ గారు తన పాటలను తానే అచ్చువేసి అమ్ముటకు ఒక ప్రచురణ సంస్థను ప్రారంభించారు. శాలీ మార్టిన్ అనే సహోదరి అందులో చేరి, చెదిరియున్న లెక్కలను చక్కబెట్టి, ఊరూరా తిరిగి గాయక బృందములను ఏర్పరచారు. వారిద్దరు ఇతరులతో కలిసి అదే సంవత్సరములో గాస్పెల్ గాయక బృందముల జాతీయ సమాఖ్యను స్థాపించారు. డార్సీ గారు దశాబ్దములపాటు దానికి అధ్యక్షులుగా ఉన్నారు. అప్పటికి యువతిగా ఉన్న మహాలియా జాక్సన్ గారికి ఆయన పాట నేర్పారు. ఆమె వీధి మొగలో పాడి వినిపిస్తే, ఆయన ప్రక్కన నిలువబడి కాగితము పది సెంట్లకు అమ్మేవారు. ఆమె కొరకే 1930ల చివర పీస్ ఇన్ ది వ్యాలీ అనే పాట వ్రాశారు. 1951లో రెడ్ ఫోలీ అనే తెల్లజాతి గాయకుడు దానిని పాడగా పది లక్షలకు పైగా రికార్డులు అమ్ముడుపోయాయి.

డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్ గారికి ప్రెషస్ లార్డ్ పాట ఎంతో ఇష్టము. 1968 ఏప్రిల్ 4వ తేదీ సాయంకాలము మెంఫిస్ నగరములో, ఆ రాత్రి కూటములో ఈ పాటను చక్కగా వాయించుమని వాద్యకారుడైన బెన్ బ్రాంచ్ గారిని కోరిన కొద్ది క్షణములకే ఆయన తూటాకు కూలిపోయారు. ఆయన అంత్యక్రియలలో మహాలియా జాక్సన్ గారు దానిని పాడారు. 1972లో ఆమె మరణించినప్పుడు అరీతా ఫ్రాంక్లిన్ గారు అదే పాట పాడారు.

డార్సీ గారు 1941లో పునర్వివాహము చేసుకొని ఇద్దరు పిల్లలకు తండ్రి అయ్యారు. వృద్ధాప్యములో మతిమరపు వ్యాధి ఆయనను పట్టింది. 1993 జనవరి 23న చికాగోలో, 93 సంవత్సరముల వయస్సులో ప్రభువునందు నిద్రించారు. తన పాటలను తానే మరచిపోయే వ్యాధి వచ్చినా, ఆ పాటలు కాగితము మీద, లక్షలమంది నోళ్ళలో భద్రముగా ఉన్నాయి.

మన సంగతి

ఈ భక్తుని జీవితము చదివిన తరువాత మన సంఘములను జ్ఞాపకము చేసుకొందాము. మనము తెలుగు దేశమునకు దూరముగా తరతరములుగా స్థిరపడినవారము. మన పిల్లలు బడిలో కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ చదువుచున్నారు. తాతమ్మలు పాడిన కొన్ని పాటలకు పుస్తకములో మాటలు ఉన్నా, వారు పాడిన వరుస వారి గొంతులోనే ఉన్నది. వారితోనే ఆ వరుస వెళ్ళిపోతే మరల తెచ్చుకొనుటకు దారి ఉండదు.

కనుక సంఘములో స్వరము తెలిసిన యౌవనస్థులు ఒక సాయంకాలము పెద్దల యొద్ద కూర్చుండి, ఒక్కొక్క పాట పాడించుకొని వ్రాసిపెట్టవలెను. పైన శ్రుతి, తాళము వ్రాయండి. మాటల పైన కార్డు అక్షరములు సరియైన చోట, చిన్న ఎమ్, పెద్ద ఎమ్ తేడా తెలిసేటట్లు వ్రాయండి. అన్నియు వ్రాయాలని ప్రయత్నించవద్దు. రేపు దానిని చూచే తమ్మునికి, చెల్లెలికి దారి తెలిసేంత వ్రాస్తే చాలును. వ్రాసిన తరువాత ఒక్కసారి వారికి పాడి వినిపించండి. తక్కినది ప్రభువు వారి హృదయములో పూరిస్తాడు.

ఆయన నామమునకే మహిమ కలుగును గాక. ఆమేన్.